ఎన్నో నెల పిల్ల?

“అయ్యో, ఏడో నెలలో పుట్టినా బాగుండేదమ్మా!” అని ఆవిడ అన్నప్పటికి మా పాప పుట్టి మూడు రోజులైంది. ఆవిడెవరో నాకు తెలియదు. నవజాత శిశువుల ఐసీయూ బయట గోడవారగా వేసిన ఇనుప కుర్చీలలో నా పక్కన వచ్చి కూర్చున్న పెద్దావిడ, పై అంతస్తులో బంధువులెవరికో ఆపరేషన్ అయితే సాయానికి వచ్చారట. కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని కూర్చున్న నన్ను చూసి “ఏం పుట్టిందమ్మా?” అని అడిగారు. పాప అని చెప్పాను. “బరువెంత?” అన్నారు. అదీ చెప్పాను. “ఎన్నో నెల?” అన్నారు. “ఎనిమిదో నెలండీ” అన్నాను. దానికి వచ్చిన జవాబు అది. ఆవిడ ముఖంలో నిజమైన జాలి కనిపించింది. ఏ కొంచెం వెటకారం ఉన్నా నేను ఆ మాటను అక్కడే వదిలేసి ఉండేదాన్ని. జాలితో అన్న మాట కాబట్టి వదలలేక, ఆ రాత్రంతా దాన్నే తలుచుకుంటూ మేలుకుని ఉన్నాను.

నెలలు నిండకుండా పుట్టిన పాపను ఎత్తుకుని తిరిగిన మొదటి అయిదు నెలల్లో ముక్కూ మొహం తెలియని మనుషులు నన్ను అడిగిన ప్రశ్నల గురించి, వాటికి సమాధానం చెప్పడం నేను ఎలా నేర్చుకున్నానన్న దాని గురించి ఇక్కడ రాస్తున్నాను. అటువంటి బిడ్డను ఇంటికి తెచ్చుకోబోయే వారికి కొంతైనా ఉపయోగపడుతుందని నా ఆశ.

మా పాప అక్టోబరు 7న, దసరా వెళ్ళాక పుట్టవలసిన పిల్ల. 2022 ఆగస్టు 20న, కృష్ణాష్టమి మరునాడు, 33 వారాల 1 రోజుకే పుట్టింది. నా ఏడో నెల సరిగ్గా ఆషాఢంలో పడింది కాబట్టి మా అమ్మా నాన్నా నన్ను సామర్లకోట తీసుకువెళ్ళడాన్ని తొమ్మిదో నెలకు వాయిదా వేశారు. సరి నెలలో పుట్టింటి ప్రయాణం పెట్టుకోరు గనుక ఎనిమిదో నెల విజయవాడలో మా ఇంట్లోనే గడుస్తోంది. ఒక తెల్లవారుజామున నొప్పులేమీ లేకుండానే ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రిలో చేర్చుకుని, బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి నాకు ఇంజక్షన్లు ఇచ్చి, వీలైనంతవరకు కాన్పును ఆపి చూశారు. మూడో రోజుకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందనీ, ఇంత చిన్న బిడ్డను ఆ స్థితిలో మామూలు కాన్పుకు వదలడం క్షేమం కాదనీ చెప్పి ఆపరేషన్ చేశారు. బరువు 1,650 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాను గాని, ముఖం చూసింది మాత్రం మరునాడు, అదీ గాజు పెట్టె అవతలి నుంచి.

ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల నిలవదు అన్న నమ్మకం మన వైపు ఉన్నదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది ఎంత పాతదో మాత్రం తరువాత చదువుకున్నాకే తెలిసింది. ఎనిమిదో నెలలో ఓజస్సు, అంటే ప్రాణబలం, తల్లిలోనూ బిడ్డలోనూ నిలకడగా ఉండదనీ, అందుచేత అప్పుడు పుట్టిన బిడ్డ బతకడం కష్టమనీ మన చరక, సుశ్రుత సంహితలు చెప్పాయి. ప్రాచీన గ్రీసులో హిప్పోక్రటీస్ పేరు మీద చలామణి అయిన వైద్య రచనలలో కూడా ఎనిమిదో నెల శిశువు గురించి ఇటువంటి అభిప్రాయమే ఉంది. అంటే రెండు వేల ఏళ్ళకు పైగా, ఎక్కడెక్కడో ఉన్న దేశాలలో కూడా, నెల తక్కువ బిడ్డల తల్లులు ఈ మాట వింటూనే ఉన్నారన్నమాట. ఇప్పటి వైద్యం చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. కడుపులో గడిచే ఒక్కొక్క వారమూ బిడ్డకు బలమే. ఊపిరితిత్తులు ముదురుతాయి, పీల్చడం మింగడం ఊపిరి తీయడం ఈ మూడింటినీ కలిపి చేయగల నేర్పు వస్తుంది, చర్మం కింద కొవ్వు చేరి ఒంటి వేడి నిలుస్తుంది. ఏడో నెల బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డ బతికి బట్టకట్టే అవకాశమే ఎక్కువ. మరునాడు ఉదయం రౌండ్లకు వచ్చిన డాక్టరమ్మను నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆవిడ విసుక్కోలేదు. ఈ సంగతి చాలామంది తల్లులు అడుగుతారని చెప్పి, “ఇకమీదట ఎవరైనా అడిగితే నెలలు చెప్పకండి, 33 వారాలని చెప్పండి” అన్నారు. ప్రశ్నకు జవాబు ఒకటే అయినా చెప్పే కొలత మారిస్తే వినేవారి మనసులో లేచే భయం మారుతుందని నాకు తోచింది అప్పుడే. తరువాతి నెలల్లో ఆ సలహా నన్ను చాలాసార్లు ఆదుకుంది.

ఐసీయూ బయటి ఆ హాలులో మేము 19 రోజులు గడిపాము. అక్కడ కూర్చునే తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఒకరికొకరు పరాయివారే. అయినా మా మధ్య నడిచే మాటల తీరు వేరుగా ఉండేది. ఎవరి పోలిక అని గాని, రంగు ఎలా ఉందని గాని ఎవరూ అడిగేవారు కాదు. పొద్దున తూకం అయ్యాక “మీది ఎంత?” అనడిగితే “ఇరవై పెరిగింది” అనో, “నిన్నటంతే ఉంది” అనో జవాబు. గ్రాములే లెక్క. మొదటి రోజుల్లో బరువు తగ్గడం ప్రతి బిడ్డకూ సహజమే. మా పాప 1,535 గ్రాములకు దిగినప్పుడు నేను బెంబేలెత్తిపోతుంటే, నెల్లాళ్ళుగా అక్కడే ఉన్న ఒక అమ్మాయి “మా వాడూ అంతే అక్కా, వారం తరువాత చూసుకో” అని నన్ను నిలబెట్టింది. ఆ అమ్మాయి పేరు కూడా నేను అడగలేదు. పాలు గొట్టం ద్వారా పడుతున్నారా, ఉగ్గుగిన్నెతో పడుతున్నారా, రొమ్ము పట్టిందా అన్నవి మా తరువాతి ప్రశ్నలు. ఉగ్గుగిన్నె మా అమ్మమ్మ ఇంట్లో అటక మీద చూసిన వస్తువు. పీల్చడం రాని బిడ్డకు చుక్క చుక్కగా పాలు పట్టడానికి అంతకంటే మంచి సాధనం లేదని నర్సులు చెప్పి, దాన్ని పెదవి అంచున ఎలా ఆనించాలో నేర్పినప్పుడు, పాత ఇంటి వస్తువేదో నన్ను వెతుక్కుంటూ వచ్చినట్లనిపించింది.

పదో రోజు నుంచి పాపను నా గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా, రోజూ గంటల తరబడి పెట్టుకోమన్నారు. కంగారూ సంరక్షణ అని పిలిచే ఈ పద్ధతిని 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలని ఒక ఆసుపత్రిలో డాక్టర్లు మొదలుపెట్టారు. తల్లి ఒంటి వేడే బిడ్డను పొదిగే గూడు అవుతుంది. ఆ గదికి తలుపు ఉండేది గాని పరదా సరిగ్గా ఉండేది కాదు. అటుగా వెళ్ళే వారు తొంగి చూసి “పసిగుడ్డును బట్టల్లేకుండా పడుకోబెట్టారేమిటమ్మా, చలి పుట్టదూ?” అని అడిగేవారు. అడిగిన ప్రతి ఒక్కరికీ వివరంగా చెప్పేదాన్ని. చెప్పి చెప్పి నాకే ధైర్యం వచ్చింది. ఎవరూ అడగకపోయి ఉంటే ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో నేను అంత శ్రద్ధగా తెలుసుకుని ఉండేదాన్ని కాదు.

1,870 గ్రాముల బరువుతో పాపను ఇంటికి పంపారు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోకూడదు, ముఖాన ముద్దు పెట్టకూడదు, జలుబు ఉన్నవారు గదిలోకి రాకూడదు, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు గాని తేనె గాని వస గాని నాకించకూడదు, కంటికి కాటుక పెట్టకూడదు అని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని మావారు తలుపు లోపలి వైపు అంటించారు. ఇంటికి వచ్చే చుట్టాలకు అది సరిపోయింది. లిఫ్టులో, మెట్ల మీద, ఆటోలో కలిసే మనుషులకు మాత్రం ఎప్పటికప్పుడు నోటితోనే చెప్పుకోవాలి.

“ఏం పుట్టింది?” అన్నదే అందరి మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న మీద నాకు కోపం లేదు. మన దేశంలో 1994 చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం కాబట్టి పుట్టేదాకా ఎవరికీ తెలియదు. స్కానింగ్ గదిలో ఆ బోర్డు కింద కూర్చుని తొమ్మిది నెలలు ఎదురుచూసే ఊరి జనం తీరా పుట్టాక అడగడం న్యాయమే. నన్ను బాధపెట్టింది ప్రశ్న తరువాత వచ్చే ఒక చిన్న మాట. “పాపండీ” అనగానే “పోనీలే అమ్మా, మహాలక్ష్మి పుట్టింది” అనేవారు. మహాలక్ష్మి అన్నందుకు సంతోషించాలా, దాని ముందున్న “పోనీలే” విని బాధపడాలా? “పోనీలే” అనేది చేజారిన దానికి చెప్పుకునే ఓదార్పు. పాలగిన్నె ఒలికితే అంటాము, బస్సు తప్పితే అంటాము. నా బిడ్డ 19 రోజులు గాజు పెట్టెలో పోరాడి ఇంటికి వచ్చింది. నా వరకు ఏదీ చేజారలేదు. మొదట్లో విననట్లు ఊరుకునేదాన్ని. ఒకసారి మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక పెద్దాయన అలాగే అంటే, “పోనీలే ఎందుకండీ బాబాయిగారూ, మాకు కావలసిన పిల్లే వచ్చింది” అన్నాను. గొంతు వణికింది గాని మాట తప్పలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి “తప్పన్నానమ్మా, చల్లగా ఉండనీ” అని పాప వైపు చేయెత్తి దీవించి దిగిపోయారు. ఆ తరువాత కనబడినప్పుడల్లా “మన అమ్మాయి ఎంత బరువైంది?” అని ఆయనే పలకరించేవారు.

“నార్మలా, ఆపరేషనా?” అన్నది రెండో ప్రశ్న. పరాయి మగవారు కూడా మొహమాటం లేకుండా అడిగే ప్రశ్న ఇది. నా పొట్ట మీద కోత ఉన్నదో లేదో ఆటో నడిపే అబ్బాయికి ఎందుకని మొదట చిరాకు పడ్డాను. ఆలోచిస్తే, ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదని అర్థమైంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ప్రతి కుటుంబంలోనూ ఒక కోత, ఒక బిల్లు, అవసరమైందా కాదా అని తీరని ఒక అనుమానం ఉన్నాయి. ఆ అనుమానాన్నే వాళ్ళు నా ముందు పెడుతున్నారు. నన్ను నిజంగా గాయపరిచినది “ఈ కాలం పిల్లలు నొప్పులు ఓర్చుకోలేరు” అన్న వ్యాఖ్య ఒక్కటే. దానికి నేను నేర్చుకున్న జవాబు “ఎదురుకాళ్ళండీ” అన్న ఒక్క మాట. ఆ మాటలో తెలుగువారికి వేరే వివరణ అక్కరలేదు. వినగానే స్వరం మారిపోయేది. “అయ్యో, అయితే తప్పదమ్మా, మా మేనత్త అలాగే పోయింది ఆ రోజుల్లో” అని ఎవరింటి చరిత్రో నాకు చెప్పేవారు. చాలామంది ప్రశ్న వేసేది మన సంగతి తెలుసుకోవడం కంటే తమ సంగతి చెప్పుకోవడానికి తలుపు తీసుకోవడం కోసమేనని నాకు అప్పటినుంచే తెలిసివచ్చింది.

పాల గురించిన ప్రశ్న మాత్రం ఈనాటికీ నాకు ఇష్టం లేదు. “పాలున్నాయా, చాలుతున్నాయా?” అని దారినపోయే వారు అడిగితే, రాత్రంతా చేత్తో పిండి 15 మిల్లీలీటర్లు తీసి గిన్నెలో చూసుకుని మురిసిన తల్లికి ఎలా ఉంటుందో వారికి తెలియదు. దీనికి “చాలుతున్నాయండీ” అనే చెప్పేదాన్ని, చాలని రోజుల్లో కూడా. ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పవలసిన బాధ్యత నాకు లేదని నిశ్చయించుకున్నాను.

నెల నిండకుండానే పాపను కళ్ళ పరీక్షకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. కంటి వెనుక రెటీనా పొర మీద రక్తనాళాలు మధ్య నుంచి అంచులకు పాకుతూ ఎదుగుతాయి. ఆ ఎదుగుదల నెలలు నిండేసరికి గాని పూర్తి కాదు. ముందే పుట్టిన బిడ్డలలో అవి దారి తప్పి పెరిగితే చూపు పోయే ప్రమాదం ఉంటుంది, సకాలంలో కనిపెడితే లేజరుతో ఆపవచ్చు. అందుకే 34 వారాల లోపు గాని, రెండు కిలోల లోపు గాని పుట్టిన బిడ్డకు ముప్పై రోజుల లోపు ఒకసారి పరీక్ష చేయించాలని డిశ్చార్జి కాగితం మీద ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు. కంటి ఆసుపత్రి హాలు నిండా కళ్ళజోళ్ళవారు, శుక్లాల ఆపరేషన్‌కు వచ్చిన వృద్ధులు. వారి మధ్య పొత్తిళ్ళలో రెండు కిలోల బిడ్డను పట్టుకుని కూర్చున్నాను. పాప కళ్ళలో చుక్కలు వేసి, కనుపాపలు విచ్చుకునేదాకా ఆగమన్నారు. “ఇంత పసిగుడ్డుకు కళ్ళజబ్బేమిటి తల్లీ!” అని ఒకరు, “పుట్టుగుడ్డిదా?” అని మరొకరు అడిగారు. రెండో మాటకు మావారు లేచి బయటకు వెళ్ళిపోయారు. నేను ఉండి, జబ్బేమీ లేదని, తొందరగా పుట్టిన పిల్లలందరికీ చేయించవలసిన పరీక్ష అని చెప్పాను. అలా అడిగిన ముసలాయన పక్కనే ఉన్న తన కోడలితో “మన చిన్నదాని పిల్ల కూడా నెల తక్కువేగా, దానికి చేయించారా?” అన్నారు. చేయించలేదట. ఆ కోడలు నా దగ్గరకు వచ్చి కాగితం చూసి వివరాలు రాసుకుంది. అంత కటువైన ప్రశ్న వేసిన మనిషి నోటి నుంచే అంత అవసరమైన ప్రశ్న వస్తుందని నేను ఊహించలేదు. మా పాపకు నాళాలు ఇంకా పూర్తిగా పాకలేదు, రెండు వారాల తరువాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. రెండోసారి అంతా సవ్యంగా ఉందన్నారు.

దసరా దాటాక వచ్చిన బుధవారం టీకాలకు వెళ్ళాము. ఆ రోజుకు పాప పుట్టి 53 రోజులు, పుట్టవలసిన తేదీ దాటి 5 రోజులు. నెల తక్కువ బిడ్డకైనా టీకాలు పుట్టిన తేదీని బట్టే వేస్తారు. ఎదుగుదలను మాత్రం పుట్టవలసిన తేదీని బట్టి చూడాలి. ఈ రెండు లెక్కలూ నాకు తెలుసు గాని, బల్ల మీద వరుసగా కూర్చున్న తల్లులకు తెలియదు. “ఎన్నో నెల?” “రెండో నెలండీ.” “రెండో నెలా! మా వాడిది నెలన్నరే, చూడండి ఎలా నవ్వుతున్నాడో. మీ పాప ఇంకా నవ్వదా?” ఆ తల్లి తన బిడ్డను చూసుకుని మురిసిపోతూ అన్న మాట అది, నన్ను కించపరచాలని కాదు. నేను మాత్రం రెండు తొడలకూ సూదులు వేయించుకుని ఏడుస్తున్న పాపను ఓదారుస్తూ, నవ్వని నా పాప గురించి ఏదో సంజాయిషీ చెప్పుకున్నాను. అక్కడ టీకాలు వేసే ఏఎన్‌ఎం నర్సుగారు కార్డు రాస్తూ మా మాటలు విన్నట్లున్నారు. “ఈ పాపకు రెండు పుట్టినరోజులమ్మా. వచ్చిన రోజు ఒకటి, రావలసిన రోజు ఒకటి. రెండో దాని లెక్కన అయిదు రోజుల పిల్ల. అయిదు రోజుల పిల్ల నవ్వుతుందా?” అన్నారు అందరికీ వినపడేలా. నేను వాడే జవాబు ఆ రోజు నుంచి ఆవిడదే. పాప నవంబరు చివరి వారంలో, తన లెక్క ప్రకారం వేళకే నవ్వింది.

మావారు ఒక్కరే పాపను ఎత్తుకుని కిందికి దిగితే ఈ ప్రశ్నలేవీ ఉండేవి కావు. “వాళ్ళమ్మ ఏది?” అన్నది ఒక్కటే అడిగేవారు. బిడ్డ చిన్నగా ఉన్నా, ఏడ్చినా, నవ్వకపోయినా లెక్క చెప్పవలసినది తల్లేనని మనుషులు మాట్లాడుకోకుండానే ఒప్పుకున్నారని ఆయనే ఒక రోజు బాధగా అన్నారు. ఆ తరువాత ఇద్దరం కలిసి వెళ్ళినప్పుడు జవాబులు ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

సంక్రాంతికి మొదటిసారి పాపను తీసుకుని సామర్లకోట బయలుదేరాము. పాపకు పుట్టిన లెక్కన అయిదో నెల నడుస్తోంది, రావలసిన లెక్కన మూడు నెలలు నిండాయి. పండుగ ముందు రోజులు కావడంతో రైలు పెట్టె కిటకిటలాడుతోంది. ఏలూరులో ఎక్కిన ఒక మామ్మగారు మా ఎదుటి సీటులో కూర్చుని, సంచీ కాళ్ళ కింద సర్దుకుని, వరుసగా అన్నీ అడిగారు. పాపా బాబా, మొదటి కాన్పా, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎన్నో నెల. మావారు రెండు లెక్కలూ చెప్పారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత నా వైపు వంగి, మెల్లగా, “ఎనిమిదో నెల పిల్లా?” అన్నారు.

అయిదు నెలలుగా నేను దాచుకున్న జవాబు నాలుక చివరనే ఉంది. ఎనిమిదో నెల ఏడో నెల కంటే మేలని, ఎందుకు మేలో, అన్నీ చెప్పగలను. ముందుగా డాక్టరమ్మ నేర్పినట్లు “33 వారాలండీ” అన్నాను. “వారాలు నాకు తెలియవు తల్లీ. నీకు నెల తప్పింది ఎప్పుడో చెప్పు” అన్నారు. జనవరి చివర, పుష్యమాసం వెళ్ళిపోయే రోజుల్లో అని చెప్పాను. ఆవిడ కుడిచేతి బొటనవేలిని వేళ్ళ కణుపుల మీద నడిపిస్తూ “మాఘం, ఫాల్గుణం, చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం, ఆరు. శ్రావణం ఏడు” అని ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, ముఖమంతా విప్పారగా “ఏడో నెల పిల్లే! నీకు ఎనిమిది అని ఎవరు చెప్పారమ్మా?” అన్నారు. డాక్టర్లు చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి లెక్కిస్తారు, ఆవిడ నెల తప్పిన నాటి నుంచి లెక్కించారు. ఒక నెల తేడా వచ్చింది, అంతే. నేను ఆ సంగతి చెప్పలేదు. నా పాప నిలవాలన్న కోరికతో ఆవిడ తనకు తెలిసిన లెక్కను రెండుసార్లు వేసి చూసి, అందులో పాపకు ఒక చోటు వెతికిపెట్టారు. ఆసుపత్రి హాలులో ఆ రోజు పక్కన కూర్చున్న పెద్దావిడకు కూడా ఇలా లెక్కపెట్టి చూసే తీరిక ఉంటే, ఆ రాత్రి నాకు మరోలా గడిచేదేమో.

నిడదవోలు దాటాక ఆవిడ “మామూలు కాన్పేనా?” అని అడిగారు. “ఎదురుకాళ్ళండీ, ఆపరేషన్ చేశారు” అన్నారు మావారు. మామ్మగారు చప్పున నిటారుగా కూర్చున్నారు. పది రోజులుగా నడుము పట్టేసి లేవలేక కూర్చోలేక అవస్థ పడుతున్నారట, పండుగకు కూతురు రమ్మంటే కాదనలేక బయలుదేరారట. ఎదురుకాళ్ళతో పుట్టినవారి కాలు తగిలితే నడుము పట్టు వదులుతుందని మా గోదావరి వైపు పెద్దలందరూ నమ్ముతారు. “కోసి తీశారు కదండీ మామ్మగారూ?” అన్నాను. “కోసినా కాళ్ళే ముందు వచ్చాయి కదమ్మా” అన్నారు. అప్పటివరకు పాపను ఎత్తుకుంటానని అడగనివారు, చేయి చాచనివారు, “నేను ముట్టుకోనులే, నువ్వే పట్టుకుని ఒక్కసారి ఆనించు తల్లీ” అని బతిమాలినట్లుగా అడిగి, సీటులో అటు తిరిగి కూర్చున్నారు.

మావారు నా వైపు చూశారు. నేను మేజోళ్ళు విప్పి, పాపను చంకల కింద పట్టుకుని ఎత్తి, ఆ రెండు పాదాలను ఆవిడ నడుము మీద, చీర మీదుగా ఆనించాను. పాప కాళ్ళు ముడిచి బలంగా తన్నింది. మామ్మగారు కళ్ళు మూసుకున్నారు. మూడుసార్లు తాకించి తీయబోతుంటే, “ఇంకొంచెం కిందికి తల్లీ” అన్నారు. పాపను ఇంకొంచెం కిందికి దించి పట్టుకున్నాను.